పనివారి హక్కులు - పంచాయతీల బాధ్యత

(పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశమున సమాచార శాఖ ప్రచారాధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠము)



మన రాజ్యాంగము 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చినది. అందు 40వ అధికరణము మీకందరకు పరిచితమైనదే. గ్రామ పంచాయతీలను నెలకొల్పి, అవి స్వపరిపాలన సంస్థలుగా పనిచేయుటకు వలసిన అధికారములను వాటికి ఒసగవలెనని అది రాజ్యమును ఆదేశించుచున్నది. ఆ పుటను మరి రెండు వాక్యములు ముందునకు చదువుడు. 41వ అధికరణము పనిచేయు హక్కును గూర్చియు, వ్యాధి, వార్ధక్యము, అంగవైకల్యము సంభవించినపుడు ప్రజలకు అందవలసిన సహాయమును గూర్చియు చెప్పుచున్నది. 42వ అధికరణము పని పరిస్థితులు న్యాయముగను, మానవీయముగను ఉండవలెననియు, స్త్రీలకు ప్రసూతి సహాయము కల్పింపవలెననియు చెప్పుచున్నది. పంచాయతీ, వికలాంగుడు, గర్భిణి - ఈ మువ్వురిని మన రాజ్యాంగ కర్తలు ఒకే వరుసలో కూర్చుండబెట్టినారు. నేటి నా ప్రసంగమునకు ఈ వరుసయే మూలము.

పనివారి హక్కులనగానే మనకు పట్టణములలోని మిల్లులు, కర్మాగారములు, కార్మిక సంఘములు స్ఫురించును. గ్రామమునకు ఆ గొడవ లేదని తలంతుము. కాని పంచాయతీ కూడ ఒక యజమానియే అను సంగతిని మనము మరచుచున్నాము. వీధులు ఊడ్చు స్త్రీలు, మురుగు కాలువలు బాగుచేయువారు, చెత్తబండి లాగువారు, మంచినీటి పంపు నడుపువారు, వీధి దీపములు చూచువారు, పన్నులు వసూలు చేయువారు - వీరందరు మీ వలన పని పొంది, మీ వలన కూలియో జీతమో పొందుచున్నారు. ఇతరుల తగవులు తీర్చుటకు కూర్చున్న మనము, మన వద్ద పనిచేయువారి యెడల ఎట్లు నడచుకొనుచున్నామని ప్రశ్నించుకొనవలదా? ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు ఊరక అనలేదు.

నేను చూచిన ఒక సంగతి

కొన్ని సంవత్సరముల క్రిందట ప్రచార కార్యక్రమమునకై ఒక గ్రామమునకు పోయితిని. ఊరి పేరు చెప్పుట నా ఉద్దేశము కాదు. తెల్లవారుజామున బస్సు దిగి నడచుచుండగా, నిండు చూలాలైన ఒక స్త్రీ చెత్తబండిని ఎత్తు మీదికి నెట్టుచు, పది అడుగులకొకసారి ఆగి ఊపిరి పీల్చుకొనుచుండెను. నేను చేయి వేసి బండిని మిట్ట దాటించితిని. "ఎన్నవ నెల తల్లీ?" అని అడిగితిని. "ఎనిమిది నిండుతున్నాయయ్యా" అన్నది. "సెలవు అడుగరాదా?" అన్నచో, "అడిగితే పని ఇంకొకరికి పోతుందయ్యా. మూడేళ్ళ నుంచి చేస్తున్నాను. ఇదే ఆధారం" అన్నది.

ఆనాటి మధ్యాహ్నము పంచాయతీ కార్యాలయమున ఈ మాట ఎత్తితిని. అచటివారు దుర్మార్గులు కారు. "ఆమె చేయలేనని ఎన్నడు అనలేదండీ. మేము బలవంతము చేయలేదు. పైగా ఆమె రోజుకూలీ మనిషి, సెలవులు మన చేతిలో లేవు" అని వారు సమాధానమిచ్చిరి. నాకును అప్పుడు ఆ విషయమున చట్టమేమి చెప్పుచున్నదో తెలియదు. ఊరకుంటిని. కొన్ని నెలల పిదప మరల ఆ దారిన పోయినపుడు బండి నెట్టుచున్నది వేరొక స్త్రీ. విచారింపగా, కాన్పునకు ముందే పేరు కొట్టివేసిరనియు, పసిబిడ్డతో తిరిగి వచ్చినపుడు చోటు లేదనిరనియు తెలిసినది. ఆమె ఎవరిపైనను ఫిర్యాదు చేయలేదు. తనకొక హక్కు కలదని ఎరిగినగదా ఫిర్యాదు చేయుటకు! హక్కును ఎరుగవలసిన నేను, ఈయవలసిన పంచాయతీవారు కూడ ఎరుగకపోతిమి. ఆ ఎరుగమి వలన ఒక కుటుంబము కూడు పోయినది. ఆ తప్పులో నా పాలు నాకున్నది కనుకనే నేడు మీ ముందు ఈ విషయమును ఎన్నుకొంటిని.

రోజుకూలీ స్త్రీకి ప్రసూతి హక్కు లేదా?

ఈ ప్రశ్నకు మన దేశ సర్వోన్నత న్యాయస్థానము 2000 సంవత్సరము మార్చి నెలలో స్పష్టముగా సమాధానమిచ్చినది. ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టరు పద్ధతిపై దినకూలీలుగా పనిచేయు స్త్రీలు కందకములు త్రవ్వుట, రోడ్లు వేయుట వంటి కఠినమైన పనులు చేయుచుండిరి. పర్మనెంటు ఉద్యోగినులకు లభించు ప్రసూతి సెలవు తమకును కావలెనని వారి సంఘము అడిగినది. వారు దినకూలీలు కనుక ఈయనక్కరలేదని నగరపాలక సంస్థ వాదించినది. న్యాయస్థానము ఆ వాదమును త్రోసిపుచ్చి, 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము దినకూలీలకును వర్తించునని తీర్పు చెప్పినది. గర్భమునకు పర్మనెంటు, తాత్కాలికము అను భేదము లేదు కదా! కడుపుతో ఉన్నమ్మ కనక మానదు. కనిన తల్లికి విశ్రాంతి లేక తీరదు.

ఈ హక్కు నిన్న మొన్న పుట్టినది కాదు. బొంబాయి రాష్ట్రమున 1929లోనే ప్రసూతి చట్టము వచ్చినది. దానికి ముందటి సంవత్సరము బొంబాయి శాసనమండలిలో ఆ బిల్లును బలపరచి మాటలాడినవారిలో డాక్టరు అంబేద్కరు ఒకరు. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1961లో దేశమంతటికి ఒక చట్టము ఏర్పడినది. 2017లో దానిని సవరించి, అంతకు ముందు 12 వారములుగానున్న సెలవును 26 వారములకు పెంచిరి. ఇప్పుడు ఆ చట్టము స్థానమున సామాజిక భద్రతా కోడ్, 2020 వచ్చినది. అది 2025 నవంబరు 21వ తేదీ నుండి అమలులోనున్నది. పేరు మారినను ప్రసూతి హక్కుల సారము మారలేదు. అందలి ముఖ్యాంశములను మీరు వ్రాసికొనదగును.

ఈ నిబంధనలు కర్మాగారములకు, గనులకు, తోటలకు, పదిమంది గాని అంతకు మించి గాని పనిచేయు దుకాణములకు, సంస్థలకు వర్తించును. కాన్పునకు ముందటి 12 నెలలలో కనీసము 80 రోజులు పనిచేసిన స్త్రీకి వేతనముతో కూడిన సెలవు కలదు. అది 26 వారములు. అందు 8 వారముల వరకు కాన్పునకు ముందే తీసికొనవచ్చును. ఇప్పటికే ఇద్దరు బిడ్డలు గాని అంతకు మించి గాని ఉన్నవారికి 12 వారములు. గర్భస్రావమైనచో 6 వారములు. కాన్పు అయిన పిదప 6 వారముల వరకు ఆ స్త్రీని పనిలో పెట్టుకొనుటయే నిషిద్ధము. ఆమె తానై వచ్చినను పెట్టుకొనరాదు.

కాన్పునకు ఆరు వారముల ముందు దినమునుండి లెక్కించి, దానికి వెనుకటి ఒక నెల కాలమున, ఆమె కోరినచో బరువు పనులు, దీర్ఘకాలము నిలుచుండి చేయు పనులు చెప్పరాదు. ఆ తరువాతి ఆరు వారములలో సెలవు తీసికొనక పనికి వచ్చుచున్నను ఇదే నియమము. తేలిక పని ఇచ్చితిమను నెపమున కూలి తగ్గింపరాదు. బిడ్డకు 15 నెలలు నిండు వరకు రోజునకు రెండుమారులు పాలిచ్చుటకు విరామమీయవలెను. 50 మంది పనిచేయు చోట శిశుసంరక్షణ గృహము ఉండవలెను. యజమాని ఉచితముగా వైద్య సదుపాయము కల్పింపనిచో 3,500 రూపాయల వైద్య భత్యము చెల్లింపవలెను. సెలవులోనున్న కారణమున పనినుండి తొలగించుట చట్టవిరుద్ధము. ఈ నిబంధనల సారాంశమును స్థానిక భాషలో, అందరు చదువుకొను చోట వ్రాసి ఉంచుట యజమాని విధి.

లెక్క యందును ఒక మెలిక కలదు. 26 వారములకు ఎన్ని దినముల వేతనమీయవలెను? ఆదివారములు తీసివేయవచ్చునా? తమిళనాడులోని ఒక తోటలో పనిచేసిన స్త్రీ విషయమున ఈ తగవు సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయినది. వారమనగా ఏడు దినములే, పని లేని ఆదివారమును కూడ లెక్కలో చేర్చవలెనని 1977లో తీర్పు వచ్చినది. కనుక 26 వారములనగా 182 దినములు. సగటున దినమునకు 400 రూపాయలు సంపాదించు స్త్రీకి ఇది 72,800 రూపాయలగును. ఆ మొత్తము చేతికందిన ఇంటికి, ఒక్క రూపాయి అందని ఇంటికి గల వ్యత్యాసమును మీరే ఊహింపుడు.

ఈ విశ్రాంతి తల్లి సుఖము కొరకు మాత్రమే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున గర్భిణులలో సగమునకు మించినవారు రక్తహీనతతో బాధపడుచున్నారు. రక్తము చాలని శరీరము బరువులెత్తినచో ఆయాసము, కళ్ళు తిరుగుట కలుగును. కాన్పు సమయమున తల్లి ప్రాణమునకే అపాయము పెరుగును. బిడ్డ బరువు తక్కువగా పుట్టవచ్చును. మిట్టమీదికి నెట్టిన ఆ బండి బరువు ఇద్దరి మీద పడుచున్నదని గ్రహింపవలెను.

ఇచ్చట మీలో కొందరు, "మా పంచాయతీలో పనివారు నలుగురే. పదిమంది లేరు కదా!" అనవచ్చును. నిజమే, ఆ సంఖ్యను గూర్చిన వివాదము న్యాయస్థానములలో తేలవలసినది. కాని రాజ్యాంగము 12వ అధికరణమున "రాజ్యము" అను మాటకు అర్థము చెప్పుచు స్థానిక సంస్థలను కూడ అందులో చేర్చినది. అనగా మీరును రాజ్యములోని వారే. 42వ అధికరణము చెప్పిన ధర్మము మీకును వర్తించును. పది సంఖ్య నిండలేదని ఒక తల్లిని రోడ్డున పడవేయుట చట్టము చేతికి చిక్కకుండుట కావచ్చునేమో గాని, ధర్మము కానేరదు.

ఏ సంస్థలోను లేక పొలము పనులు చేసికొను స్త్రీలకు వేరొక దారి కలదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము గర్భిణికి 6,000 రూపాయలకు తగ్గని ప్రసూతి సహాయమును హక్కుగా పేర్కొన్నది. కేంద్ర ప్రభుత్వపు మాతృవందన పథకము క్రింద మొదటి కాన్పునకు 5,000 రూపాయలు, రెండవ కాన్పున ఆడశిశువు జన్మించినచో 6,000 రూపాయలు తల్లి బ్యాంకు ఖాతాలో జమ చేయు ఏర్పాటున్నది. అంగన్‌వాడీ కార్యకర్త వద్ద గర్భమును తొలి నెలలలోనే నమోదు చేయించుట దీనికి మొదటి మెట్టు. మీ వార్డులో ఎవరెవరు నమోదైనారో తెలిసికొనుట మీ పని.

వికలాంగునకు దయ కాదు, చోటు కావలెను

ఇక అంగవైకల్యమును గూర్చి. వికలాంగుడనగానే మనము జాలిపడి పింఛను మాట ఎత్తుదుము. పింఛను అవసరమే. కాని పనిచేయగలవానికి కావలసినది పని. వికలాంగుల హక్కుల చట్టము 2016లో ఆమోదము పొంది 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనున్నది. పూర్వపు చట్టమున 7 రకముల వైకల్యములే పేర్కొనబడగా, ఇందు 21 రకములు చేర్చబడినవి. 40 శాతమునకు తగ్గని వైకల్యము కలవారికి ప్రభుత్వ ఉద్యోగ ఖాళీలలో 4 శాతము ప్రత్యేకింపబడినవి.

ఈ చట్టమునకు ప్రాణము వంటి మాట ఒకటి కలదు. దానిని మనము "తగిన సర్దుబాటు" అందము. ఇతరులతో సమానముగా పనిచేయుటకు వికలాంగునకు అవసరమైన మార్పును, మోయలేని భారము కానంతవరకు, చేసిపెట్టుట అని దాని అర్థము. కాలు లేని గుమాస్తాను మేడ మీద కూర్చుండబెట్టక క్రింది గదిలో కూర్చుండబెట్టుట సర్దుబాటు. మెట్ల ప్రక్కన వాలుదారి కట్టించుట సర్దుబాటు. వినికిడి లేనివానికి పనిని నోటితో గాక పలకమీద వ్రాసి చెప్పుట సర్దుబాటు. ఒక చేయి మాత్రమే గలవానికి చెత్తబండి కాక పంపు స్విచ్చి అప్పగించుట సర్దుబాటు. వీటిలో ఏదియు పంచాయతీ నిధిని ఖాళీ చేయునది కాదు. కొన్నింటికి పైసా ఖర్చు లేదు. కొంచెము ఆలోచన మాత్రము కావలెను.

పనిలో చేరిన పిదప వైకల్యము కలిగినచో ఏమగును? చట్టములోని 20వ సెక్షను ఈ విషయమును తేటపరచినది. అట్టివానిని ప్రభుత్వ సంస్థ తొలగింపరాదు, హోదా తగ్గింపరాదు. చేయుచున్న పనికి పనికిరానిచో అదే జీతముపై వేరొక పనికి మార్చవలెను. అట్టి పని దొరకనిచో, దొరకువరకు గాని ఉద్యోగ విరమణ వయస్సు వరకు గాని అదనపు స్థానము కల్పించి ఉంచవలెను.

మన తెలుగునాట జరిగిన ఉదాహరణము ఒకటి చెప్పెదను. 2014లో ఆర్టీసీలో డ్రైవరుగా చేరిన ఒకరికి రంగులను గుర్తించు శక్తి లోపించినదని వైద్య పరీక్షలో తేలినది. 2016లో ఆయనను వైద్య కారణముపై విరమింపజేసిరి. బస్సు నడుపుటకు ఆయన తగడు. అది ప్రయాణికుల క్షేమమునకు సంబంధించినది, కాదనువారు లేరు. కాని బస్సు నడుపలేనివాడు మరి ఏ పనియు చేయలేడా? సంస్థలో వేరు ఉద్యోగములు లేవా? ఈ ప్రశ్న న్యాయస్థానములకెక్కినది. కార్మిక సంఘములతో 1979లో చేసికొన్న ఒడంబడికలో ఇట్టి డ్రైవర్లకు ప్రత్యామ్నాయ ఉద్యోగమీయవలెనని ఉన్నది. వేరొక పని కొరకు సంస్థ నిజముగా వెదకినట్లు ఋజువు లేదని చెప్పి, ఆయనకు తగిన ఉద్యోగమీయవలెననియు, జీతపు బకాయిలలో 25 శాతము చెల్లింపవలెననియు 2025 ఆగస్టు 1వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఆదేశించినది.

ఈ తీర్పులో మనము నేర్వదగిన పాఠమేమి? "నీవు ఈ పనికి తగవు" అని చెప్పుటతో యజమాని బాధ్యత తీరదు. "నీవు ఏ పనికి తగుదువు?" అని అడిగి వెదకిననే తీరును. వెదకవలసినవాడు యజమాని, పనివాడు కాదు.

మరియొక మాట. గ్రామములలో మనుష్యులను వారి లోపముతో పిలుచు అలవాటు కలదు. పేరు ఉండగా గ్రుడ్డివాడని, కుంటివాడని కేకవేయుదుము. పదిమందిలో వికలాంగుని ఉద్దేశపూర్వకముగా అవమానించుట 2016 చట్టము ప్రకారము నేరము. ఆరు నెలలకు తగ్గకుండ ఐదు సంవత్సరముల వరకు జైలు శిక్ష పడవచ్చును. శిక్షకు వెరచి కాదు, హాజరు పుస్తకములో వ్రాసిన పేరుతో మనిషిని పిలుచుట మర్యాద కనుక ఈ అలవాటు మానవలెను.

మతాచారమును పనియు

మూడవది మతము. ఇచ్చట ఒక సంగతి దాచకుండ చెప్పవలెను. ప్రసూతికిని, వైకల్యమునకును ఉన్నట్లు, పనిచోట మతాచారములకు సర్దుబాటు చేయవలెనని ప్రైవేటు యజమానులను నిర్బంధించు ప్రత్యేక కేంద్ర చట్టము మనకు లేదు. కాని ప్రభుత్వోద్యోగ విషయమున రాజ్యాంగపు 16వ అధికరణము మతమును బట్టి గాని కులమును బట్టి గాని స్త్రీపురుష భేదమును బట్టి గాని వివక్ష చూపరాదని శాసించినది. 25వ అధికరణము ప్రతివానికిని తన మతమును అవలంబించు స్వేచ్ఛనిచ్చినది. అయితే ఆ స్వేచ్ఛ శాంతిభద్రతలకు, నీతికి, ఆరోగ్యమునకు లోబడి ఉండవలెనని అందే చెప్పినది.

ప్రభుత్వములు తమ ఉద్యోగులకు ఐచ్ఛిక సెలవుల జాబితా ప్రకటించి, ఎవరి పండుగను వారు జరుపుకొనుటకు వీలు కల్పించుచున్నవి. 2025 రంజాన్ మాసమున తెలంగాణ ప్రభుత్వము ముస్లిం ఉద్యోగులు సాయంత్రము 4 గంటలకే కార్యాలయమునుండి పోవుటకు అనుమతించినది. ఈ పద్ధతిని మీ ఊరి కొలతకు తగ్గించుకొనుడు. ఉపవాసములోనున్న పనివానికి ఎండవేళ కాక తెల్లవారుజామున పని చెప్పవచ్చును. ఆదివారము ప్రార్థనకు పోవు స్త్రీకి ఆ పూట బదులు వేరొక పూట కేటాయింపవచ్చును. పండుగ నాడు ఒక మతమువాడు విశ్రమించుటకు, వేరొక మతమువాడు ఆ దినపు పని చేసి, తన పండుగకు తాను విశ్రమించు ఒప్పందము మన పల్లెలలో అనాదిగా నడచుచున్నదే. చట్టము చెప్పకమునుపే మనవారు ఎరిగిన న్యాయమిది.

హద్దు ఎక్కడ? ఇతరులకు గాని అతనికే గాని అపాయము కలుగు చోట. అయ్యప్ప దీక్షలోనున్నవాడు చెప్పులు తొడుగడు. మురుగు కాలువలో దిగువాడు రబ్బరు బూట్లు తొడుగక తీరదు; గాజుపెంకు గ్రుచ్చుకొన్నచో కాలు పోవును. అప్పుడు దీక్ష మానుమనుట తగదు. బూట్లు లేకుండ దిగుమనుట అంతకన్న తగదు. దీక్ష ముగియు 41 దినములు అతనికి పొడినేల మీది పని ఒప్పగించుట తగిన సర్దుబాటు. చూచితిరా! గర్భిణికి చేసినదియు ఇదే, వికలాంగునకు చేసినదియు ఇదే. మనిషిని పనికి బలిపెట్టక, పనిని మనిషికి అమర్చుట.

పంచాయతీ చేయదగిన పనులు

ఉపాధి హామీ పనులలో మీకు ఈ విషయమున అనుభవము కలదు. 2005 నాటి చట్టము పనిచోట త్రాగునీరు, పిల్లలకు నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండవలెననియు, తల్లుల వెంట వచ్చిన చిన్నపిల్లలు ఐదుగురున్నచో వారిని కనిపెట్టుటకు ఒక స్త్రీని కూలితో నియమింపవలెననియు నియమము చేసినది. 2025 డిసెంబరులో ఆ చట్టము స్థానమున, సంవత్సరమునకు 125 దినముల పనికి హామీ ఇచ్చు నూతన చట్టమును పార్లమెంటు ఆమోదించినది. చట్టముల పేర్లు మారును; చెట్టునీడన ఉయ్యాల కట్టించు బాధ్యత మారదు. పలుగు పట్టలేని గర్భిణికి, వికలాంగునకు నీరందించుట, పిల్లలను చూచుట, మొక్కలకు పాదులు చేయుట వంటి పనులు ఒప్పగించుటకు మేస్త్రీకి ముందుగానే చెప్పి ఉంచవలెను.

ఇక మీ కార్యాలయమునకు తిరిగి పోయిన పిదప చేయదగినవి చెప్పెదను.

మొదటిది: పంచాయతీ పనివారందరి పేర్లు, చేరిన తేదీలు, పనిదినములు చూపు పుస్తకము సక్రమముగా ఉంచుడు. 80 దినములు పనిచేసినట్లు ఋజువు లేనిదే హక్కు నిలువదు. కాన్పు సెలవులోనున్న స్త్రీ పేరును కొట్టివేయక, "సెలవు" అని వ్రాయుడు. ఆమె స్థానమున వచ్చినవారి నియామకము ఆమె తిరిగి వచ్చువరకే అని మొదటి దినముననే వారికి తెలుపుడు.

రెండవది: ప్రసూతి సెలవు, తేలిక పని, తిరిగి పనిలో చేర్చుకొనుట - వీటిపై పంచాయతీ సమావేశమున తీర్మానము చేసి, నకలును మండల అధికారులకు పంపుడు. నిధి చాలనిచో ఆ మాట తీర్మానములోనే వ్రాసి సహాయము కోరుడు. కోరిననే కదా పైవారికి తెలియుట! పనివారిని కాంట్రాక్టరు ద్వారా పెట్టుకొన్నచో, ఈ షరతులను ఒప్పంద పత్రములో చేర్పుడు.

మూడవది: మీ కార్యాలయమునకు, పాఠశాలకు, అంగన్‌వాడీకి వాలుదారి ఉన్నదో లేదో స్వయముగా చూడుడు. గ్రామములోని వికలాంగులకు సదరం ధ్రువపత్రమో, దేశమంతట చెల్లు గుర్తింపు కార్డో ఉన్నదా అని విచారింపుడు. పత్రము లేనివానికి ప్రత్యేకింపబడిన ఉద్యోగమున్నను అందదు.

నాలుగవది: మీ ఊరి స్త్రీలు జీడిపప్పు బట్టీలకో, రొయ్యల కర్మాగారములకో, ప్రత్తి మిల్లులకో పోవుచున్నచో, ఈ హక్కులను గ్రామసభలో చదివి వినిపింపుడు. యజమాని నిరాకరించినచో కార్మిక శాఖకు, వైకల్య విషయమైనచో రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయవచ్చును. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము క్రింద స్త్రీలకు, వికలాంగులకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఉచిత న్యాయ సహాయము హక్కుగా కలదు. 15100 అను నంబరునకు ఫోను చేసినచో దారి చెప్పుదురు.

ఐదవది, అన్నిటికన్న సులభమైనది: అడుగుడు. "నీకేమైన ఇబ్బంది ఉన్నదా?" అని మీ పనివారిని నెలకొకమారు అడుగుడు. పని పోవునను భయము గలవారు తమంతట తాము చెప్పరు. "ఆమె చేయలేనని ఎన్నడు అనలేదు" అను సమాధానము ఆనాడు నాకు సరియైనదిగానే తోచినది. ఆమె ఎందుకు అనలేదో ఆలోచించి ఉండిన, ఆ బండి చేతులు మారియుండదు.

సోదరసోదరీమణులారా! రేపు తెల్లవారి మీలో ఎవరైన వీధిలో నడచునపుడు, చీపురు పట్టిన స్త్రీని, పంపు వద్ద నిలుచున్న మనిషిని ఒకసారి తేరిపార చూడుడు. వారు పంచాయతీ మనుష్యులు, మీ మనుష్యులు. వారికి న్యాయము జరిగినదని ఊరు చూచిననాడు, మిల్లు యజమానిని న్యాయమడుగు హక్కు మీ నోటికి వచ్చును.

 జై హింద్.